బోర్డు కొనేముందు వేడి సంగతి అడగండి

(సొంతంగా కంప్యూటర్ అమర్చుకోవాలనుకునేవారి సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఈ టేబుల్ మీద రెండు మదర్‌బోర్డులు, అంటే కంప్యూటర్ భాగాలన్నీ బిగించే పలకలు, పెట్టాను, చూడండి. రెండిటిదీ ఒకే సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు. ఒకే ప్రాసెసర్ రెండిట్లోనూ కూర్చుంటుంది. ధర మాత్రం దీనికి అది రెండున్నర రెట్లు. ఇప్పుడొక ప్రశ్న. అదే ప్రాసెసర్, అదే ర్యామ్, అదే గ్రాఫిక్స్ కార్డు ముందు ఇందులో పెట్టి, తర్వాత అందులో పెట్టి ఒకే గేమ్ ఆడితే వేగంలో ఎంత తేడా వస్తుంది? ఎవరైనా చెప్పండి. ఇరవై శాతమా? పదా?

చాలాసార్లు ఏమీ రాదండి. అక్షరాలా ఏమీ రాదు. లెక్కలు చేసేది ప్రాసెసర్, బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. బోర్డు వేగాన్ని పుట్టించదు. మరి బోర్డు చేసేదేమిటి? ప్రాసెసర్‌కి ఉన్న వేగాన్ని నిలబెడుతుంది. గంటసేపు పని చేయిస్తే గంటసేపూ నిలబెట్టాలి. అయిదేళ్లు వాడితే అయిదేళ్లూ నిలబెట్టాలి. ఈరోజు నేను చెప్పేదంతా ఈ నిలబెట్టడం గురించే.

ఒక సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక కంప్యూటర్ నా దగ్గరికి వచ్చింది. వీడియో ఎడిటింగ్ చేసే ఒక అమ్మాయిది. "మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుందండీ, తర్వాత నత్తలా అయిపోతుంది" అంది. అప్పటికే ఆమె చాలా ప్రయత్నాలు చేసింది. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ రెండుసార్లు మార్చింది. చివరికి గాలితో చల్లబరిచే కూలర్ తీసేసి, డబ్బు ఖర్చుపెట్టి లిక్విడ్ కూలర్ పెట్టించింది. ఆ తర్వాత పది నిమిషాలు కాస్తా ఆరు నిమిషాలయింది. గమనించండి, ఖరీదైన కూలర్ పెట్టాక ఇంకా పాడయింది.

ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూశాను. 68 డిగ్రీలు. అదేం పెద్ద వేడి కాదు. పైగా కంప్యూటర్ నెమ్మదించినప్పుడల్లా ఆ 68 ఇంకా దిగుతోంది. వేడి తగ్గుతోంది, వేగమూ తగ్గుతోంది. అంటే ప్రాసెసర్ తన వేడికి తాను భయపడి తగ్గడం లేదు. వేరే ఎవరో దాన్ని తగ్గమంటున్నారు. ఎవరు?

క్యాబినెట్ తలుపు తీసి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో బోర్డు మీద సాకెట్‌కి ఎడమపక్క చూశాను. 108 డిగ్రీలు. అక్కడ వరసగా నల్లటి చిన్న చిప్పులు ఉన్నాయి. వాటి మీద హీట్‌సింక్, అంటే వేడిని లాగేసే లోహపు దిమ్మ, లేదు, బోసిగా ఉన్నాయి. పన్నెండు కోర్ల ప్రాసెసర్‌ని కంపెనీ జాబితాలోని అన్నిటికంటే చవక బోర్డు మీద కూర్చోబెట్టారు. ఒక చిన్న ఫ్యాన్ తీసుకుని చేత్తో ఆ చిప్పుల వైపు తిప్పి పట్టుకున్నాను. రెండు నిమిషాల్లో వేగం తిరిగొచ్చింది. ఆ అమ్మాయి మొహం నాకింకా గుర్తుంది. రెండు నెలలు క్లయింట్ల దగ్గర మాటపడింది పాపం, తప్పు తనది కాకపోయినా.

వేడెక్కి ప్రాసెసర్‌ని తగ్గమన్నది ఆ నల్లటి చిప్పుల వరసే. దాని పేరు వీఆర్‌ఎమ్. వోల్టేజ్ రెగ్యులేటర్ మాడ్యూల్. బోర్డులో నన్ను ఒక్క భాగమే చూడమంటే నేను చూసేది అదే.

వీఆర్‌ఎమ్ ఏం చేస్తుంది

పవర్ సప్లై నుంచి బోర్డుకి వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కి కావలసింది సుమారు 1.2 వోల్టులు. ఈ దింపే పని వీఆర్‌ఎమ్‌ది. ఇక్కడ చిన్న లెక్క ఉంది, కష్టమేమీ కాదు, నాతో పాటు చేయండి. ప్రాసెసర్ 144 వాట్లు తీసుకుంటోంది అనుకుందాం. 144ని 1.2తో భాగిస్తే ఎంత? 120. అంటే 120 ఆంపియర్లు. ఇంట్లో గోడ సాకెట్ నుంచి మనం పది, పదిహేను ఆంపియర్లు లాగితేనే పెద్ద లోడ్ అంటాం. ఇక్కడ వేలెడంత జాగాలో 120 ఆంపియర్లు పారుతున్నాయి.

ఆ దింపడంలో కొంత నష్టం ఉంటుంది. నూటికి తొంభై పాళ్లు సమర్థంగా చేసిందనుకున్నా, ప్రాసెసర్‌కి 144 వాట్లు ఇవ్వడానికి వీఆర్‌ఎమ్ 160 వాట్లు తీసుకోవాలి. మిగతా 16 వాట్లు ఏమయ్యాయి? వేడి అయ్యాయి. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ తీసుకునే కరెంటు అంత. బోర్డు మీద ఒక సోల్డరింగ్ ఐరన్‌ని ఆన్ చేసి వదిలేశామనుకోండి, ఆ వేడి ఎటు పోతుంది? ఎవరో ఒకరు తీసుకుపోవాలి కదా. హీట్‌సింక్ తీసుకోవాలి, దాని మీది గాలి తీసుకుపోవాలి.

ఇక ఫేజులు. పెట్టె మీద 8+2 అనో 14+2+1 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె ప్రాసెసర్ కోర్లకి కరెంటిచ్చే వరసలు. పల్లకీ మోసే బోయీల్లాంటివి. నలుగురు మోస్తే ఒక్కొక్కరి భుజం మీద ఎంత, పన్నెండుమంది మోస్తే ఎంత? 120 ఆంపియర్లని నాలుగు ఫేజులు పంచుకుంటే ఒక్కోదానికి 30. పన్నెండు పంచుకుంటే ఒక్కోదానికి 10. మోత మూడో వంతు అయింది. వేడి? మూడో వంతు కాదండి. కరెంటు పారడం వల్ల పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక్కో చిప్పు మీద ఆ వేడి తొమ్మిదో వంతుకి పడిపోతుంది. స్విచ్చింగ్ వల్ల, అంటే ఆ చిప్పులు క్షణక్షణం ఆన్, ఆఫ్ అవడం వల్ల, పుట్టే వేడి వేరే ఉంటుంది, అది ఇంతగా తగ్గదు. అయినా ఎక్కువ ఫేజులున్న బోర్డు ఎందుకు చల్లగా ఉంటుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

అలాగని ఫేజుల అంకె ఒక్కటే చూసి మోసపోకండి. ఒక్కో ఫేజు ఎన్ని ఆంపియర్లు మోయగలదో కూడా చూడాలి. ఫేజులో కరెంటుని మోసే చిప్పుని పవర్ స్టేజ్ అంటారు. 50 ఆంపియర్ల పవర్ స్టేజ్‌లు ఉంటాయి, 60వి, 80వి, 110వి ఉంటాయి. పాతకాలపు విడివిడి మాస్ఫెట్‌లు (కరెంటుని ఆపి వదిలే స్విచ్చులు) పదహారు పెట్టినదాని కంటే, మంచి పవర్ స్టేజ్‌లు ఎనిమిది పెట్టిన బోర్డు చల్లగా ఉండవచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ ఆంపియర్ల సంగతి గొప్పగా రాశారంటే అది చెప్పుకోదగ్గదే. అసలు ఎక్కడా రాయలేదంటే? రాయలేదెందుకో ఆలోచించండి.

మరి ఎంత వీఆర్‌ఎమ్ కావాలి? ఇది మీ ప్రాసెసర్ చెబుతుంది, మీ సరదా కాదు. ఏఎమ్‌డీ వైపు రైజెన్ 5 7600 తీసుకుందాం. పెట్టె మీద 65 వాట్లు అని ఉంటుంది, గరిష్ఠంగా సాకెట్ నుంచి తీసుకునేది 88 వాట్లు. దానికి ఓ మోస్తరు బోర్డు చాలు. రైజెన్ 9 7950ఎక్స్? అది 230 వాట్ల దాకా పోతుంది. ఇంటెల్ వైపు కోర్ ఐ5 12400 అయితే గరిష్ఠం 117 వాట్లు, కోర్ ఐ9 14900కే అయితే 253. ఒకే ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో కూర్చునే రెండు ప్రాసెసర్ల మధ్య రెట్టింపుకి పైగా తేడా. సాకెట్‌లో పట్టింది కదా అని సరిపోయిందనుకోకూడదు. ఆ అమ్మాయి విషయంలో జరిగింది అదే. ప్రాసెసర్ పట్టింది, కంప్యూటర్ ఆన్ అయింది, కంపెనీ జాబితాలో ఆ ప్రాసెసర్ పేరు కూడా ఉంది. కానీ ఆ జాబితా చెప్పేది "పనిచేస్తుంది" అని. "రోజంతా పూర్తి వేగంతో పనిచేస్తుంది" అని కాదు.

హీట్‌సింక్‌ని కళ్లతో చూడండి

ఇప్పుడు ఈ రెండు బోర్డులూ ఎత్తి చూపిస్తాను. ఈ ఖరీదైనదాని మీద చూడండి, ఎంత పెద్ద కవరుందో. బ్యాడ్జీ ఉంది, లైట్లున్నాయి. వేలితో తట్టితే చప్పుడు వినండి. ప్లాస్టిక్. దాని కింద లోహం ముక్క ఉంది, అది నున్నగా ఇటుకలా ఉంది. పైన పటారం, లోన లొటారం. ఇటుకకి బరువుంటుంది కాబట్టి వేడిని కాసేపు దాచుకుంటుంది. అయిదు నిమిషాల పనికి బాగానే అనిపిస్తుంది. తర్వాత? గాలికి తగిలే ఉపరితలం తక్కువ కాబట్టి దాచుకున్న వేడిని వదలలేదు.

ఈ రెండోది, తక్కువ ధరది చూడండి. లైట్లు లేవు. కానీ హీట్‌సింక్‌లో లోతుగా గాళ్లు కోసి ఉన్నాయి, రెక్కల్లాగా. గాలి వాటి మధ్య నుంచి దూరుతుంది. స్క్రూలతో బిగించి ఉంది, ప్లాస్టిక్ పిన్నులతో కాదు. సాకెట్‌కి పక్కనా పైనా రెండువైపులా ఉంది. నేను ఇది కొంటాను. నిజంగా ఇదే కొన్నాను, ఇంట్లో వాడుతున్నాను.

తక్కువ ధరవన్నీ మంచివని అనడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. మరీ చవక బోర్డులు కొన్నిటి మీద అసలు హీట్‌సింకే ఉండదు. నేననేది, ధర చూసి వేడి సంగతి తేల్చలేం, ఫొటో చూసి చాలావరకు తేల్చవచ్చు. రివ్యూల్లో బోర్డుని విప్పి, హీట్‌సింక్ తీసి, లోడ్ పెట్టి కొలిచేవాళ్లు ఉన్నారు. ఒక అరగంట వాటికి కేటాయించండి. అరగంట లోడ్ తర్వాత వీఆర్‌ఎమ్ 80, 90 డిగ్రీల్లో ఉంటే భయపడక్కర్లేదు. ఆ చిప్పులు 125 డిగ్రీల దాకా తట్టుకునేలా తయారవుతాయి. వంద దాటుతోందంటే మాత్రం ఏదో ఒకటి చేయాలి.

"చిప్పు తట్టుకుంటుంది కదా, మనకెందుకు టెన్షన్" అని ఇందాక ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. చిప్పు తట్టుకుంటుంది, పక్కనున్నవాటి మాటేమిటి? కరెంటుని కాసేపు నిలవ ఉంచే కెపాసిటర్లు ఉన్నాయి. లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల సంగతి ఏమిటంటే, ప్రతి 10 డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు రెట్టింపవుతుంది. ప్రతి 10 డిగ్రీలు పెరిగితే సగమవుతుంది. 105 డిగ్రీల దగ్గర 5,000 గంటలు బతికేది, 65 దగ్గర 80,000 గంటలు బతుకుతుంది. ఒకటి ఏడాది కూడా కాదు, రెండోది తొమ్మిదేళ్లు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు బోర్డుల మీద కెపాసిటర్లు ఉబ్బి, తల పగిలి గోధుమరంగు ద్రవం కార్చేవి. ఇక్కడ పెద్దవాళ్లలో చాలామంది చూసే ఉంటారు. అప్పట్లో నాసిరకం ద్రవం అసలు కారణం, దానికి వేడి తోడయింది. ఇప్పుడు ప్రాసెసర్ చుట్టూ ఘన పాలిమర్ కెపాసిటర్లే వాడుతున్నారు. వాటి ఆయుష్షు ఇంకా ఎక్కువ. కానీ వేడికి ఆయుష్షు తగ్గడం అనే స్వభావం వాటికీ ఉంది.

ఆ లిక్విడ్ కూలర్ సంగతికి మళ్లీ వస్తాను. అది పెట్టాక ఎందుకు పాడయిందో ఇప్పుడు మీరే చెప్పగలరు. మామూలు కూలర్‌లో ఫ్యాన్ సాకెట్ పక్కనే తిరుగుతుంది. దాని గాలిలో కొంత ఊరికే వీఆర్‌ఎమ్‌కి తగులుతుంది. మనం అడగకుండానే దొరికే గాలి అది. లిక్విడ్ కూలర్‌లో ఫ్యాన్లు ఎక్కడో రేడియేటర్ దగ్గరికి వెళ్లిపోతాయి. సాకెట్ చుట్టూ గాలి కదలదు. పైగా కింద గ్రాఫిక్స్ కార్డు రెండు, మూడు వందల వాట్ల వేడిని పైకి వదులుతుంటుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు. లిక్విడ్ కూలర్ వద్దని నేననను. పెడితే మాత్రం వెనక ఫ్యాన్ ఒకటి తప్పకుండా ఉండాలి, రెక్కలున్న హీట్‌సింక్ బోర్డు ఎంచుకోవాలి.

ఆమెకి ఏం చేశానంటే, పాత కూలరే మళ్లీ బిగించి, ఒక చిన్న ఫ్యాన్ వీఆర్‌ఎమ్ మీదికి వచ్చేలా కట్టాను. మరుసటి ఏడాది బోర్డు మార్చుకుంది.

ఫ్యాన్ అంటే గుర్తొచ్చింది. బోర్డు మీద ఫ్యాన్ హెడర్లు, అంటే ఫ్యాన్ వైరు తగిలించే పిన్నుల గుత్తులు, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇది ఎవరూ చూడరు. క్యాబినెట్‌తో అయిదు ఫ్యాన్లు వస్తాయి, బోర్డు మీద హెడర్లు రెండే ఉంటాయి. అప్పుడేం చేస్తారు? ఒక హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ ఇస్తుంది. మామూలు ఫ్యాన్ 0.1 నుంచి 0.3 ఆంపియర్లు తీసుకుంటుంది. కాబట్టి ఒక వైరుని చీల్చే స్ప్లిటర్ పెట్టి ఒకదానికి మూడు తగిలించవచ్చు, ఫ్యాన్ మీద రాసిన అంకెలు కూడుకుని చూసుకోండి. లిక్విడ్ కూలర్ పంప్ కోసం వేరే హెడర్ ఉంటుంది, దానికి ఎక్కువ శక్తి ఉంటుంది. నాలుగు పిన్నులది పీడబ్ల్యూఎమ్, వేగాన్ని సున్నితంగా తగ్గించి పెంచగలదు. మూడు పిన్నుల ఫ్యాన్ కూడా అదే హెడర్‌లో కూర్చుంటుంది, కానీ బయోస్‌లోకి, అంటే కంప్యూటర్‌ని మొదలుపెట్టే బోర్డు సాఫ్ట్‌వేర్‌లోకి, వెళ్లి డీసీ అని మార్చాలి. లేకపోతే ఎప్పుడూ పూర్తి వేగంతో హోరెత్తిస్తుంది.

క్యాబినెట్ ఫ్యాన్లు ఏ ఉష్ణోగ్రతని చూసి వేగం మార్చుకోవాలో కూడా చాలా బోర్డుల్లో మనం ఎంచుకోవచ్చు. ప్రాసెసర్‌ని చూసి మారేలా పెడితే క్షణక్షణానికీ గుర్రుగుర్రుమంటాయి, ఎందుకంటే ప్రాసెసర్ వేడి ఒక్క సెకనులో ఇరవై డిగ్రీలు ఎగురుతుంది. బోర్డు సెన్సర్‌నో వీఆర్‌ఎమ్ సెన్సర్‌నో చూసేలా పెట్టండి, నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతాయి. చీప్ బోర్డుల్లో కొన్నిటికి వీఆర్‌ఎమ్ సెన్సరే ఉండదు. ఎంత వేడెక్కుతోందో మనకి తెలిసే దారే లేదన్నమాట. ఫీచర్ల జాబితాలో నేను వెతికేది ఇలాంటివి.

లైట్ల విషయంలో ఒక్క జాగ్రత్త. మూడు పిన్నుల లైట్ల హెడర్ 5 వోల్టులది, నాలుగు పిన్నులది 12 వోల్టులది. 5 వోల్టుల లైట్లని 12లో పెడితే కాలిపోతాయి. అంతే, ముందుకు వెళ్దాం.

డబ్బు ఎక్కడ దండగ, ఎక్కడ కాదు

బోర్డు మీది పోర్టులని, స్లాట్లని నడిపే చిప్పుని చిప్‌సెట్ అంటారు. దాని పేరులోని అక్షరాలు చూసి చాలామంది కంగారుపడతారు. ఏఎమ్‌డీలో ఏ, బీ, ఎక్స్. ఇంటెల్‌లో హెచ్, బీ, జెడ్. ఇంటెల్‌లో ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయాలంటే, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచాలంటే, జెడ్ కావాలి. మీ ప్రాసెసర్ పేరు చివర కే లేకపోతే జెడ్‌తో ఆ పని కూడా ఉండదు. బీ660, బీ760ల్లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, హెచ్610లో ఆ వీలు లేదు. ఏఎమ్‌డీలో బీ650తోనే ప్రాసెసర్, ర్యామ్ రెండూ పెంచుకోవచ్చు. చాలామందికి బీ చాలు. ఎక్స్870 అనే పెద్ద పేరు వెనక ఉన్న చిప్పు బీ650లో ఉన్న చిప్పే, ఒక్కటే. దానికి యూఎస్‌బీ4 అనే వేగమైన పోర్టు తప్పనిసరి చేశారు, గ్రాఫిక్స్ స్లాట్‌కి పీసీఐఈ 5.0 అనే వేగమైన కనెక్షన్ తప్పనిసరి చేశారు. అవి మీకు పనికొస్తాయా? వస్తే కొనండి. రాకపోతే ఆ తేడా డబ్బు మంచి ఎస్ఎస్‌డీకో పెద్ద ర్యామ్‌కో పెట్టండి. ప్రాసెసర్ ధర కంటే బోర్డు ధర ఎక్కువవుతోందంటే, కొనేముందు ఒక రాత్రి ఆగి ఆలోచించండని నా సలహా.

సాకెట్ ఎన్నాళ్లు బతుకుతుందనేది కూడా విలువలో భాగమే. ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్ మీద 2017లో రైజెన్ వచ్చింది. ఆనాటి బోర్డుల్లో చాలావాటిలో, బయోస్ అప్‌డేట్ చేసి, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్ పెట్టుకున్నారు జనం. అయిదేళ్ల పాత బోర్డు, కొత్త ప్రాణం. 2022లో ఏఎమ్5 వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాతా దాన్ని కొనసాగిస్తామని ఏఎమ్‌డీ చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 2021లో వచ్చింది, 12, 13, 14 తరాలు నడిచింది. 2024లో ఎల్‌జీఏ 1851కి మారింది. అయిదేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చే ఆలోచన మీకుంటే, ఈరోజు కాస్త మెరుగైన వీఆర్‌ఎమ్‌కి పెట్టే డబ్బు దండగ కాదు. ఎందుకంటే రేపు పెట్టేది ఇంకా ఎక్కువ వాట్లది కావచ్చు.

ఇంకొక మాట, చాలా ముఖ్యమైనది. స్లాట్లు లెక్కపెట్టి మురిసిపోకండి. ఎస్ఎస్‌డీలు పెట్టే ఎమ్.2 స్లాట్లు నాలుగు, డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఆరు, యూఎస్‌బీలు పది. బాగుంది. అన్నీ ఒకేసారి పనిచేస్తాయా? కాలువకి ఎన్ని తూములు పెట్టినా నీళ్లొచ్చే తలుపు ఒకటే. ప్రాసెసర్‌కీ చిప్‌సెట్‌కీ మధ్య ఉన్న దారి ఏఎమ్5లో పీసీఐఈ 4.0 నాలుగు లేన్లు (డేటా నడిచే వరసలు), సుమారుగా సెకనుకి 8 గిగాబైట్లు. చిప్‌సెట్‌కి తగిలించినవన్నీ ఆ దారిలోంచే వెళ్లాలి. ఇది చాలావరకు ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే అన్నీ ఒకేసారి పూర్తి వేగంతో నడిపేవాళ్లు తక్కువ.

ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. పంచుకోవడం. కొన్ని బోర్డుల్లో ఒక ఎమ్.2 స్లాట్ నింపితే రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి. కొన్ని ఎక్స్870 బోర్డుల్లో రెండో ఎమ్.2, యూఎస్‌బీ4 ఒకే లేన్లు పంచుకుంటాయి. కొన్నిటిలో ఒక ఎమ్.2 నింపగానే గ్రాఫిక్స్ స్లాట్ పదహారు లేన్ల నుంచి ఎనిమిదికి దిగుతుంది. ఇది పెట్టె మీద ఉండదు. ఎక్కడుంటుంది? మాన్యువల్‌లో. చిన్న అక్షరాల్లో. కొనకముందే కంపెనీ సైట్ నుంచి మాన్యువల్ దించుకుని చదవండి. బోర్డు కొన్నాక మాన్యువల్ చదివేవాళ్లున్నారు, కొన్నాకా చదవనివాళ్లున్నారు. మీరు కొనేముందు చదవండి. రెండు పేజీలు చాలు: స్పెసిఫికేషన్ల పట్టిక, బోర్డు పటం.

మాన్యువల్ తెరిచినప్పుడు బోర్డు పటంలో మొదటి ఎమ్.2 ఎక్కడుందో కూడా చూడండి. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య ఉంటే, కార్డు కింద దాగదు, కొంచెం గాలి దొరుకుతుంది. పీసీఐఈ 5.0 ఎస్ఎస్‌డీ పెట్టేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, అవి పది వాట్లు దాటి వేడెక్కుతాయి. బోర్డుతో హీట్‌సింక్ వచ్చిందా, దాని కింద వేడిని అందించే మెత్తటి ప్యాడ్ ఉందా చూసుకోండి. ఆ ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని ఒలిచేయాలి. నేను ఒకసారి ఒలవకుండా బిగించాను. రెండు వారాలు ఎస్ఎస్‌డీ ఎందుకు వేడెక్కుతోందో తెలియక సతమతమయ్యాను. పొర తీశాక పదిహేను డిగ్రీలు తగ్గింది.

ర్యామ్ గురించి క్లుప్తంగా. డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్ తరాలు. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 పట్టదు, ఆ గాడి స్థానమే వేరు. రెండు ర్యామ్‌లే అయితే సాకెట్ నుంచి లెక్కపెట్టి రెండోదీ నాలుగోదీ నింపండి. డీడీఆర్5 నాలుగూ నింపితే వేగం బాగా తగ్గించాల్సి వస్తుంది, కాబట్టి రెండు పెద్దవి కొనడమే మంచిది. అలా కొనేవాళ్లయితే రెండే స్లాట్లున్న బోర్డు లోటేమీ కాదు.

సైజు. ఏటీఎక్స్ 305 మిల్లీమీటర్లు ఎత్తు, 244 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ 244కి 244. మినీ ఐటీఎక్స్ 170కి 170. ఒక్క గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎస్ఎస్‌డీలు పెట్టేవాళ్లకి మైక్రో ఏటీఎక్స్ సరిపోతుంది, డబ్బూ మిగులుతుంది. మినీ ఐటీఎక్స్ ముచ్చటగా ఉంటుంది కానీ అంత వీఆర్‌ఎమ్‌నీ అంత చిన్న జాగాలో ఇరికించాలి కాబట్టి ఖరీదు. ఫ్యాన్ హెడర్లూ తక్కువే.

నేను డబ్బు పెట్టమని గట్టిగా చెప్పేవి రెండున్నాయి. ఒకటి బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. ప్రాసెసర్ లేకుండా, ర్యామ్ లేకుండా, పెన్‌డ్రైవ్ ఒక్కదానితో బయోస్ మార్చుకోవచ్చు. కొత్త ప్రాసెసర్ కొన్నారు, బోర్డు పాత బయోస్‌తో వచ్చింది, ఆన్ కావడం లేదు. బటన్ లేకపోతే పాత ప్రాసెసర్ కోసం ఊరంతా తిరగాలి. బయోస్ ఎంత ముఖ్యమో 2023, 2024 సంవత్సరాల్లో అందరూ చూశారు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌లోనే కాలిపోతే, ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో కోర్లు కాని భాగానికి ఇచ్చేది) 1.3 వోల్టులకి మించకుండా బయోస్ అప్‌డేట్లతోనే కట్టడి చేశారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల అస్థిరతకి కూడా మందు మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు), అదీ బయోస్ ద్వారానే వచ్చింది. అందుకే బోర్డు ఎంచుకునేటప్పుడు ఆ కంపెనీ పాత బోర్డులకి ఎన్నేళ్లు బయోస్‌లు ఇచ్చిందో, సపోర్ట్ పేజీ తెరిచి తేదీలు చూడండి.

రెండోది, నాలుగు చిన్న డీబగ్ లైట్లు. సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు నుంచి మొదలవడం). కంప్యూటర్ ఆన్ కానప్పుడు ఎక్కడ ఆగిందో ఆ లైటే చెబుతుంది. అవి లేని బోర్డు మొరాయిస్తే, ఒక్కొక్క భాగమూ తీసి, పెట్టి, తీసి, పెట్టి, పొద్దు గడిచిపోతుంది.

ఒక ప్రశ్న వచ్చింది ఇక్కడ. "అన్నీ బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉంది, బోర్డు పోయినట్టేనా?" అని. ఏఎమ్5 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ అయితే కంగారుపడకండి. మొదటిసారి బోర్డు ర్యామ్‌ని పరీక్షించి సర్దుకుంటుంది. డీర్యామ్ లైటు వెలుగుతూ ఉంటుంది. కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ర్యామ్ ఎక్కువైతే ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఆ సమయంలో స్విచ్ ఆపకండి, పదిహేను నిమిషాలు అలా వదిలేయండి. ఆ తర్వాత కూడా రాకపోతే ఒక్క ర్యామే ఉంచి మళ్లీ చూడండి.

సరే, ఇప్పుడు దగ్గరికి రండి. రెండు బోర్డులూ చేతిలోకి తీసుకుని చూడండి. అంచులు పట్టుకోండి, ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోయేలా ముందు ఈ టేబుల్ ఇనుప కాలు ఒకసారి ముట్టుకోండి. హీట్‌సింక్‌లు వేలితో తడిమి చూడండి, స్క్రూలు తీసి ఇస్తాను, కింద ప్యాడ్ ఎంతవరకు ఆనిందో మీకే కనబడుతుంది. సాకెట్ మీది నల్లమూత మాత్రం తీయకండి, కింద పిన్నులు వెంట్రుకలంత సన్నగా ఉంటాయి. అది నేను తీసి చూపిస్తాను.